తిరిగి మొలిచిన మడ అడవి: కృష్ణా, గోదావరి మొగల్లో ఒక చరిత్ర పాఠం

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టా చరిత్ర అనగానే విద్యార్థికి ముందుగా గుర్తొచ్చేది ఆనకట్ట. 1832-33 నాటి డొక్కల కరువు, ఆర్థర్ కాటన్ ప్రోద్బలం, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ దగ్గర పూర్తయిన కట్టడం, ఆ తరువాత కాలువలు, మాగాణి, రెండు పంటలు, చదువులు, పత్రికలు. ఈ వరుస మనకు బాగా అలవాటైంది. పటమటలో ఉండి చూసేవారికి ఇది నిజమేననిపిస్తుంది కూడా. పక్కనే బందరు కాలువ, దాని వెంట బందరు రోడ్డు, ఒకప్పటి పల్లె కలిసిపోయిన పట్నం. డెల్టా తలభాగంలో కూర్చున్నవారికి డెల్టా అంటే నీరు వచ్చిన చోటు.

అయితే డెల్టాకు శివారు కూడా ఉంది. పటమట నుంచి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్లి, అక్కడ మలుపు తిరిగి కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరితే పంటపొలం క్రమంగా పలచబడుతుంది. మొదట చెరువులు, తరువాత ఉప్పు పర్రలు, ఆ తరువాత మడ. కృష్ణానది సముద్రంలో కలిసే మొగల దగ్గర పెరిగే ఈ అడవికి మన పాఠ్యపుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ అడవి గురించి, గోదావరి మొగలో ఉన్న దాని పెద్ద అక్క కోరంగి గురించి. పర్యావరణ పర్యాటకం పేరుతో నేడు మనం టికెట్టు కొని చూస్తున్న మడ అడవి ఎవరు నరికితే పోయింది, ఎవరు తవ్వితే తిరిగి వచ్చింది, ఇప్పుడు ఎవరిది అన్నవి ఇక్కడ మనం పరిశీలించే ప్రశ్నలు.

ఉప్పులో నిలిచే చెట్టు

మడ చెట్లు ఒకే జాతివి కావు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న వంటి వేర్వేరు జాతులు ఒకే రకం కష్టానికి ఒక్కొక్కటి ఒక్కో ఉపాయం కనిపెట్టుకుని కలిసి బతుకుతాయి. ఆ కష్టం ఉప్పు, గాలి ఆడని బురద. తెల్లమడ ఆకుల మీదుగా ఉప్పును బయటికి పంపేస్తుంది; వేళ్లను పెన్సిళ్లలాగా బురదపైకి నిలబెట్టి వాటితో ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న కాండం నుంచి ఊతకర్రల్లాంటి వేళ్లు దించుకుంటుంది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా కిందికి జారుతుంది. తిల్ల పాలు కంటిలో పడితే చూపుకే ముప్పు అని వేటగాళ్లు జాగ్రత్తగా ఉంటారు.

చరిత్ర విద్యార్థి ఇక్కడ పట్టుకోవలసిన విషయం ఒకటుంది. మడ ఉప్పును ఓర్చుకుంటుందే తప్ప ఉప్పును కోరుకోదు. దానికి మంచినీరూ కావాలి, పోటుపాట్లూ కావాలి. పోటుకు సముద్రపు నీరు లోపలికి వచ్చి, పాటుకు తిరిగి పోవాలి. పైనుంచి నది నీరు వచ్చి ఆ ఉప్పును పలుచన చెయ్యాలి. ఈ రెండింటిలో ఏది ఆగినా అడవి దెబ్బతింటుంది. కాబట్టి ఎగువన ఆనకట్ట కట్టిన ప్రతి నిర్ణయమూ దిగువన మడల చరిత్రలో ఒక సంఘటనే. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ, 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్, ఆ తరువాత శ్రీశైలం. వీటి ప్రయోజనాన్ని కాదనేవారెవరూ లేరు. కానీ పటమట పక్క కాలువలో మనం చూసే నీరు ఒకప్పుడు మొగకు చేరవలసిన నీరులో భాగమని గుర్తుపెట్టుకుంటే, డెల్టా చరిత్రను రెండు చివరల నుంచీ చదవగలుగుతాం.

కోరంగి అనే పేరు

గోదావరి మొగలోని కోరంగి నేడు అడవి పేరు. రెండు వందల ఏళ్ల క్రితం అది రేవు పేరు. ఓడలు కట్టిన చోటు, మరమ్మతు చేసిన చోటు, తెలుగువారు బర్మాకు ఓడెక్కిన చోటు. రంగూన్‌లో తెలుగు కూలీలను చాలాకాలం కోరంగీలు అనే పిలిచారు. ఒక రేవు పేరు ఒక జాతికే పేరైంది. 1789లోనూ 1839లోనూ తుఫాను ఉప్పెనలు ఈ రేవును ముంచాయి. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది చనిపోయారన్న అంకె అనేక గ్రంథాల్లో ఒకరి నుంచి ఒకరికి చేరి నేటికీ కనిపిస్తుంది. ఒక రేవు పట్నానికీ చుట్టుపక్కల పల్లెలకూ ఆనాడు అంత జనాభా ఉండగలదా అన్న అనుమానం ఆ అంకె చూడగానే రావాలి. అంకెను తిరిగి రాసినవారి సంఖ్య పెరిగినంత మాత్రాన ఆధారం పెరగదు. రేవు క్షీణించడానికి ఉప్పెనలతోపాటు ఒండ్రు మేట వెయ్యడం, కాకినాడ ఎదగడం కూడా కారణాలు. ఓడలకు అడ్డమైన ఆ ఒండ్రు మీదనే మడలకు చోటు దొరికింది.

అడవిని ఎవరు నరికారు?

దివిసీమలో చాలా భూమి చల్లపల్లి రాజాల దేవరకోట సంస్థానం కింద ఉండేది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీల్లోని అడవులు, బంజర్లు ప్రభుత్వపరమయ్యాయి. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వ భూముల్లో రిజర్వు అడవి అనే భావనను తెచ్చి ఉంది. వీటి ఫలితంగా మడ కూడా ఇతర అడవుల మాదిరే లెక్కలోకి వచ్చిన ఆస్తి అయింది. ఆస్తి అన్నాక దిగుబడి రావాలి. మడ కర్ర గట్టిది, బాగా మండుతుంది. వంటగ్యాస్ ఇంటింటికీ రాని కాలంలో వంటచెరకుకు ఉన్న గిరాకీ నేటి విద్యార్థికి ఊహకందదు.

అటవీశాఖలు అనుసరించిన పద్ధతిని కూపు పద్ధతి అంటారు. అడవిని కూపులుగా విభజించి, ఏటా ఒక కూపును వేలం వేసి నరికించి, మళ్లీ మొదటి కూపుకు వచ్చేసరికి అది తిరిగి పెరిగి ఉంటుందని ఆశించడం ఇందులోని సూత్రం. మెట్ట అడవిలో ఇది కొంతవరకు పనిచేసింది. మడలో పనిచెయ్యలేదు. నరికిన చోట అడవి తిరిగి రాలేదు. ఎండిన మొద్దులు, తెల్లటి ఉప్పు పేరుకున్న బోడి నేల మిగిలాయి.

దీనికి చెప్పిన కారణం దశాబ్దాలపాటు ఒక్కటే. చుట్టుపక్కల పల్లెకారులు పుల్లలు కొట్టుకుంటున్నారు, పశువులను తోలుతున్నారు, అందుకే అడవి లేవడం లేదు. కంచె వేస్తే, కాపలా పెంచితే సరిపోతుందని నమ్మారు. మేత వల్ల, కట్టెల వల్ల నష్టం లేదని ఎవరూ అనరు. కానీ కంచె వేసిన చోట కూడా మొక్క లేవలేదే!

తమిళనాడులోని పిచ్చావరం మడల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990లలో చేసిన పరిశీలన ఈ చిక్కుముడిని విప్పింది. చెట్లన్నీ ఒక్కసారి నరికేస్తే నేల నేరుగా ఎండకు గురవుతుంది. బంకమట్టిలోని తేమ ఆవిరై నేల కుంగుతుంది. మధ్యలో పళ్లెంలా పల్లం ఏర్పడుతుంది. పెద్ద పోటుకు లోపలికి వచ్చిన ఉప్పునీరు పాటుకు తిరిగి పోలేక ఆ పళ్లెంలోనే నిలుస్తుంది, ఎండుతుంది, ఉప్పు మిగులుతుంది. ఏటేటా ఉప్పు పేరుకుని చివరకు మడ గింజ కూడా మొలవలేని స్థితి వస్తుంది. అంటే అసలు దెబ్బ ఒక్కొక్క కొమ్మ నరికిన చేతి నుంచి రాలేదు. పద్ధతి ప్రకారం, అనుమతి ప్రకారం, మొత్తంగా నరికిన పని నుంచి వచ్చింది. చరిత్ర రచనలో ఇది చిన్న సవరణ కాదు. నేరం మోపబడిన పక్షమే మారిపోయింది.

1980ల చివర, 1990లలో ఇంకొక దెబ్బ తగిలింది. టైగర్ రొయ్య ధర చూసి కృష్ణా, గోదావరి తీరాల్లో చెరువులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 1991లో తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చినా తవ్వకాలు ఆగలేదు. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చల వైరస్ చెరువులను ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర మండలంలో రొయ్యల పరిశ్రమకు గట్టిగా కళ్లెం వేసింది. చట్టం ఆపలేనిదాన్ని జబ్బు కొంతకాలం ఆపిందని అనవచ్చు.

చేపముల్లు కాలువలు

రోగం తెలిశాక వైద్యం కష్టం కాలేదు. నిలిచిన నీటిని కదిలించాలి. ఉప్పుటేటి నుంచి పాడైన నేల మధ్యకు ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లులా ఉంటుంది కాబట్టి చేపముల్లు పద్ధతి అన్న పేరు. పోటుకు నీరు పిల్లకాలువల దాకా వెళ్తుంది, పాటుకు ఉప్పును కడుక్కుని వెనక్కి వస్తుంది. కొంతకాలానికి నేల ఉప్పు తగ్గుతుంది. అప్పుడు కాలువ గట్ల వాలు మీద, నీరు తగిలీ తగలని ఎత్తులో మొక్కలు నాటుతారు. ఎత్తు కాస్త ఎక్కువైతే మొక్క ఎండుతుంది, తక్కువైతే మునిగి చస్తుంది. ఈ కొలత కాగితం మీద కంటే పోటుపాట్లు తెలిసిన వేటగాళ్ల అనుభవంలో బాగా దొరికింది.

భారత-కెనడా పర్యావరణ నిధి సాయంతో 1996 నుంచి 2003 వరకు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో ఈ పని సాగింది. మన రాష్ట్రంలో కృష్ణా, గోదావరి మొగల పక్క గ్రామాల్లో స్వామినాథన్ సంస్థ, అటవీశాఖ, గ్రామ సంఘాలు కలిసి 500 హెక్టార్ల పైచిలుకు నేలను బాగుచేశాయి. పలుగు, పార, తట్ట పట్టింది గ్రామస్థులు. నిన్నటిదాకా అడవికి శత్రువులుగా పేరుపడినవారే కూలి తీసుకుని, కమిటీలో కూర్చుని, కాలువ పూడిక తీసి అడవిని నిలబెట్టారు. 1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్‌లో కేంద్రం ఇచ్చిన ఉమ్మడి అటవీ యాజమాన్య ఉత్తర్వు, 1992 నుంచి మన రాష్ట్రంలో ఏర్పడిన వన సంరక్షణ సమితులు దీనికి దారి వేశాయి.

ఈ విజయానికి ఒక హద్దు కూడా ఉంది. నాటినది ఎక్కువగా మడ జాతి మొక్కలే, ముఖ్యంగా తెల్లమడ; ఎందుకంటే అది మొండిది, బతుకుతుంది. సహజమైన అడవిలో పది రకాలు కలిసి ఉన్న చోట తిరిగి మొలిచినదాంట్లో ఒకటి రెండే కనిపించడం అరుదు కాదు. 1977 ఉప్పెన తరువాత తీరమంతా పెంచిన సరుగుడు తోటలతో పోలిస్తే ఇది చాలా మెరుగు. సరుగుడు గాలిని ఆపుతుంది గానీ మన తీరానికి పరాయి చెట్టు, దాని కింద చేప పెరగదు.

ఉప్పెన, అడవి, అంకెలు

1977 నవంబరు 19 దివిసీమ మరచిపోని తేదీ. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం ఊళ్లను తుడిచిపెట్టింది. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు ఆ రోజుతో కలిసిపోయాయి. అధికారిక లెక్కే పది వేలకు దగ్గరగా ఉంది. ఆ మరుసటి సంవత్సరం, 1978లో, కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణా మడలకు ఆ హోదా 1989లో వచ్చింది. కోరంగి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు, కృష్ణా అభయారణ్యానిది సుమారు 195.

మడలు ఉప్పెనను ఆపుతాయా? 1999 ఒడిశా పెను తుఫాను తరువాత కేంద్రపరా జిల్లా గ్రామాలను పోల్చి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. సముద్రానికీ ఊరికీ మధ్య మడల వెడల్పు ఎక్కువగా ఉన్నచోట మరణాలు తక్కువగా ఉన్నాయని అది తేల్చింది. ఈ ఫలితాన్ని 1977కు యథాతథంగా అంటించి ‘మడలుంటే ఎవరూ చనిపోయేవారు కాదు’ అని రాయడం తొందరపాటు. ముందస్తు హెచ్చరిక, రోడ్డు, పక్కా ఇల్లు, తుఫాను షెల్టరు, వీటన్నిటి పక్కన మడ ఒక రక్ష.

ఇక అంకెల సంగతి. జాతీయ అటవీ సర్వే నివేదికల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడల విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 2003లో 329, 2017లో 404, 2021లో 405. ఈ వరుసను చూపించి ‘పోయిన అడవి తిరిగి వచ్చింది’ అని పర్యాటక ప్రకటనలు రాసుకోవచ్చు. చరిత్ర విద్యార్థి అలా రాయకూడదు. తొలినాటి ఉపగ్రహ చిత్రాల స్పష్టత వేరు, తరువాతి వాటిది వేరు; కాబట్టి 1987కూ 2003కూ మధ్య ఉన్న తేడా అంతా నరికివేత కాదు. అలాగే 2003 తరువాతి 76 చదరపు కిలోమీటర్ల పెరుగుదల అంతా నాటిన మొక్కలూ కాదు. చేపముల్లు కాలువలతో బాగుపడిన 500 హెక్టార్లంటే 5 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మిగతాదాంట్లో అటవీశాఖ ఇతర ప్లాంటేషన్లున్నాయి, కొత్త ఒండ్రు మీద తనంతట తాను మొలిచిన మడ ఉంది, మెరుగైన కొలత ఉంది. ఇంతకూ ఆ 5 చదరపు కిలోమీటర్ల విలువ విస్తీర్ణంలో లేదు. చచ్చిన నేల బతుకుతుందని రుజువు చెయ్యడంలో ఉంది.

చెక్కదారి మీద సందర్శకుడు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగిపేట దగ్గర కోరంగి సందర్శన కేంద్రం ఉంది. టికెట్టు తీసుకుని లోపలికి వెళ్తే బురదకు పైన కట్టిన చెక్కదారి మడల మధ్యగా సాగుతుంది. పది అడుగులు వేసేసరికి రోడ్డు చప్పుడు పోతుంది. కింద వేలాది శ్వాసవేళ్లు, వాటి మధ్య పీతల బొరియలు, బురదలో గెంతే చిన్న చేపలు. అదృష్టం ఉంటే నీటికుక్కలు కనిపిస్తాయి. బావురుపిల్లి మాత్రం రాత్రి తిరిగే జీవి, పగటి సందర్శకుడికి దాని అడుగుజాడలే ఎక్కువ. చెక్కదారి వల్ల ఇంత దగ్గరగా చూడగలుగుతున్నాం, వేళ్లు తొక్కకుండానూ చూడగలుగుతున్నాం. ఇది మంచి ఏర్పాటు.

కానీ చెక్కదారి ఒక రకంగా మన చూపును కూడా నడిపిస్తుంది. అది అడవిని మనుషులు లేని దృశ్యంగా చూపిస్తుంది. అదే ఉప్పుటేట్లో కాస్త అవతల వల వేసుకుని కూర్చున్న మనిషి ఆ దృశ్యంలోకి రాడు. వచ్చినా ఫోటో అవుతాడు. ఈ అడవి అతనికి రొయ్య పిల్ల పెరిగే చోటు, గాలివానలో పడవ దాచుకునే చోటు. కృష్ణా మొగలో చేత్తో పీతలు పట్టి బతికే యానాది కుటుంబాలకు అది రోజువారీ కూడు.

అభయారణ్యం అయ్యాక వీరి రాకపోకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆంక్షలు పెట్టింది. వన సంరక్షణ సమితులు, అభయారణ్యాల్లోని పర్యావరణ అభివృద్ధి కమిటీలు వారికి పనినీ కొంత ఆదాయాన్నీ ఇచ్చాయి. కమిటీ అనేది ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, ఉత్తర్వుతో పోతుంది. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లు సమావేశాలు జరుగుతాయి. హక్కు వేరు. 2006 అటవీ హక్కుల చట్టం చేపలు, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద సాముదాయిక హక్కును గుర్తిస్తుంది. షెడ్యూల్డు తెగ అయిన యానాదులు దీన్ని అడగవచ్చు. మత్స్యకారుల వంటి ఇతర సంప్రదాయ అటవీ వాసులు మాత్రం మూడు తరాల, అంటే 75 ఏళ్ల, నివాసాన్ని చూపించాలి. రేషన్ కార్డు కూడా ఉప్పెనలో కొట్టుకుపోయిన ఊళ్లో 75 ఏళ్ల కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఆ చట్టం ఊరి పెద్దల మౌఖిక సాక్ష్యాన్ని కూడా ఆధారంగా అంగీకరిస్తుంది. అందువల్ల ఈ మొగల్లో మౌఖిక చరిత్ర సేకరణ కేవలం పరీక్ష కోసం చేసే అసైన్‌మెంటుగా మిగలదు. ఒక కుటుంబం వేట హక్కుకు అది పనికివచ్చే కాగితం కావచ్చు.

క్షేత్ర పర్యటనకు వెళ్లేవారికి

విజయవాడ అధ్యయన కేంద్రాల విద్యార్థులకు నాగాయలంక వైపు ఒక రోజు ప్రయాణం, కోరంగికి రెండు రోజులు సరిపోతాయి. వీలైతే రెండూ చూడండి. ముందుగా ఆ రోజు పోటు, పాటు వేళలు స్థానికులను అడిగి తెలుసుకోండి. పాటు సమయంలోనే శ్వాసవేళ్లూ తవ్విన కాలువల ఆకారమూ బయటపడతాయి. పోటుకు వెళ్తే పచ్చటి ఆకులు, నీళ్లు తప్ప మరేమీ కనిపించవు. వరుసలు తీరిన చెట్లు, ఒకే వయసు, ఒకే ఎత్తు ఉన్నవి కనిపిస్తే అది నాటిన అడవి అని గుర్తించవచ్చు. బోడిగా ఉన్న తెల్లటి పర్ర కనిపిస్తే దాని మీద ఒకప్పుడు కూపు పడిందా, చెరువు తవ్వి వదిలేశారా, లేక అది సహజంగానే ఉప్పు నేలా అని ఊళ్లో అరవై దాటినవారిని అడగండి. ముగ్గురిని విడివిడిగా అడిగి, వారి మాటలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ వేరవుతున్నాయో రాసుకోండి. పేర్లు రాసే ముందు వారి అనుమతి తీసుకోవాలి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగాలి. చేపముల్లు కాలువలు కొన్నేళ్లకు ఒండ్రుతో పూడిపోతాయి. పూడితే నీరు మళ్లీ నిలుస్తుంది, ఉప్పు మళ్లీ పేరుకుంటుంది. ఈ ఏడు పూడిక ఎవరు తీశారు, ఎవరి డబ్బుతో తీశారు, టికెట్ల ఆదాయంలో ఊరికి వచ్చింది ఎంత అని సమితి సభ్యులను అడిగి, వారు చూపిస్తే సమితి రిజిస్టరులోని నమోదుతో సరిపోల్చి చూడండి.